గడువు తీరిన బాటసారి

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నివసించుటకు ఒసగిన అనుమతి గడువు తీరిపోయిన పరదేశీయుడు, ఆ దేశములోనే ఒక పట్టణమునుండి మఱియొక పట్టణమునకు విమానముమీద పోవచ్చునా? ఈ ప్రశ్న మన యిండ్లలో వినబడుచునే యున్నది. గుంటూరులోను, కరీంనగరములోను, భీమవరములోను బిడ్డలను సముద్రముల కావలికి పంపిన తల్లిదండ్రులు దీని నొకే విధముగ అడుగుచుందురు: "పట్టుకొందురా, పట్టుకొనరా?" అని. అట్లడుగుట తప్పు కాదు. కాని యది జాగ్రత్తకు సంబంధించిన ప్రశ్న. ధర్మమునకు సంబంధించిన ప్రశ్న వేఱు. పట్టుకొనరని నిశ్చయముగ తెలిసినను చేయరాని పనులు కలవు. పట్టుకొందురని తెలిసియు చేయవలసిన పనులును కలవు. ఈ రెంటిని ఒకే మూటగ గట్టుటచేత మన గృహములలో ఈ విషయమై గుసగుసలే గాని విచారణ లేకుండ పోయినది.

ముందుగ మాటలను సరిచేసికొనవలెను. వీసా యనునది వాకిట నిలిచి తలుపు తట్టుటకు ఇచ్చిన చీటి వంటిది. లోనికి వచ్చినవాడు ఎన్నాళ్లు కూర్చుండవచ్చునో తెలుపునది మఱియొక పత్రము. దానికి ఐ-94 అని పేరు. పాస్‌పోర్టులో అంటించిన వీసా గడువు తీరియుండియు, ఉండుటకు గల అనుమతి చక్కగ సాగుచుండుట సర్వసాధారణము. అట్టివాడు చదువుకొనుచునో, ఉద్యోగము చేసికొనుచునో దేశములో స్వేచ్ఛగ తిరుగవచ్చును. వాని విషయమున తప్పును లేదు, ప్రశ్నయు లేదు. దేశము విడిచి పోయి మరల రావలసినప్పుడు మాత్రమే వానికి క్రొత్త వీసా కావలెను. ఈ భేదము తెలియక విమానాశ్రయమునకు పోవ భయపడువారిని నే నెఱుగుదును. అప్పు తీర్చివేసినవాడు వడ్డీవ్యాపారిని చూచి సందులోనికి తప్పుకొన్నట్లుండును వారి భయము.

నిజముగ గడువు తీరినవారి సంగతి వేఱు. వీరందఱు ఒక్క తరగతివారు కారు. ఉద్యోగవీసాపై నున్నవాని ఉద్యోగము పోయినచో, 2017 నుండి అమలులోనున్న నియమము ననుసరించి, అఱువది దినములకు మించని గడువులో మఱియొక యజమానిని వెదకుకొనవలెను, లేదా మఱియొక దారి చూచుకొనవలెను. ఆఱేండ్ల వయసున తల్లిదండ్రుల వెంట వచ్చి, అచ్చటి పాఠశాలలో చదివి, అచ్చటి భాషలో కలలుగను బాలిక ఇరువదియొకటవ యేట తల్లిదండ్రుల అనుమతి నీడనుండి తొలగింపబడును. గ్రీన్ కార్డు వరుసలో కుటుంబము వంతు అప్పటికి రాకపోవుటే ఆమె చేసిన నేరము. ఇక విద్యార్థుల కథ మన తెలుగువారికి క్రొత్తది కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయము మూతపడినప్పుడు, అందు పేళ్లు నమోదైన వందలకొలది తెలుగు విద్యార్థులు ఒక్క దినములో స్థితి లేనివారైరి. కొందఱి కాళ్లకు జాడ తెలుపు యంత్రములు తగిలించిరి. దాని స్థాపకురాలికి 2014లో పదునాఱేండ్లకు పైగ శిక్ష పడినది. 2019లో మిషిగనులోని ఫార్మింగ్టను విశ్వవిద్యాలయ మనునది ప్రభుత్వ ఉద్యోగులే పన్నిన వల యని బయటపడినది. అందు తరగతులు లేవు, ఉపాధ్యాయులు లేరు. చేరినవారిలో మనవారు పెక్కుమంది. తెలిసియే చేరిరని ప్రభుత్వము వాదించెను. మోసపోతిమని విద్యార్థులు మొఱపెట్టిరి. రెండు రకములవారును అందున్నారనియే నా తలంపు. 2025 ఏప్రిలు నెలలోనైతే, వేలకొలది విదేశ విద్యార్థుల నమోదులు కంప్యూటరు పట్టికలో రద్దయినవి. పెక్కుమందికి ముందుగ ఒక మాటయైనను చెప్పలేదు. న్యాయస్థానములలో వ్యాజ్యములు పడగా, ఆ నెలాఖరుననే ప్రభుత్వము వానిని పునరుద్ధరింప నారంభించెను. ఆ నడిమి దినములలో ఆ విద్యార్థి దేశములో ధర్మముగ నున్నాడా, అధర్మముగ నున్నాడా? వానికే తెలియదు. ఆ స్థితిలో విమానమెక్కినవానిని దోషి యనుటకు నాకు నోరు రాదు.

ఇపుడు విమానాశ్రయమున జరుగునది చూతము. దేశములోపలి ప్రయాణమునకు అచ్చట తనిఖీ చేయు శాఖ 2001 సెప్టెంబరు దారుణము తరువాత, ఆ సంవత్సరమే ఏర్పడినది. అది ప్రయాణికుని అడుగునది రెండే ప్రశ్నలు: నీ వెవడవు? నీయొద్ద ఆయుధ మున్నదా? 2005లో చేసిన రియల్ ఐడీ చట్టము 2025 మే 7 నుండి విమానాశ్రయములలో అమలులోనికి వచ్చినది. అప్పటినుండి సామాన్యపు డ్రైవింగ్ లైసెన్సు చెల్లుట లేదు. కాని పరదేశపు పాస్‌పోర్టు చెల్లును. భారత ప్రభుత్వ మిచ్చిన పాస్‌పోర్టు గడువులో నున్నచో, తన ముఖము, తన పేరు, తన పుట్టిన దినము నిజమని చూపుటకు అది చాలును. దీనిని చూపినవాడు అబద్ధమాడలేదు. అడిగిన ప్రశ్నకు సత్యమైన ఉత్తర మిచ్చినాడు. అడుగని ప్రశ్నకు ఉత్తర మీయకపోవుట అసత్యము కాదు.

ఇది తర్కశాస్త్రజ్ఞుల గడుసుతనము వలె తోచవచ్చును. మౌనముకూడ మోసమే యగు సందర్భములు కలవు. వానిని ముందు చూపెదను. కాని ఈ సందర్భమున అడుగువానికి అడుగు అధికారమే వేఱు విషయమునకై యిచ్చినది. రైలులో టికెట్టు పరీక్షకునితో నీవు సంగీతకచేరికి పోవుచున్నావో, ఋణదాతనుండి పారిపోవుచున్నావో చెప్పవలసిన పని లేదు.

అయినను జాగ్రత్త చెప్పువారి మాట త్రోసివేయదగినది కాదు. సరిహద్దునుండి తగినంత దూరములోపల వాహనములను, విమానములను ఎక్కి పరదేశీయులను వెదకు అధికారము 1952 నాటి చట్టము ఇచ్చినది. ఆ దూరమును నూఱు మైళ్లుగ నియమము నిర్ణయించినది. సముద్రతీరములుకూడ సరిహద్దులే గనుక, పెద్ద పట్టణములు పెక్కు ఆ నూఱు మైళ్లలో పడుచున్నవి. 2017 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోనుండి న్యూయార్కు చేరిన విమానమునుండి దిగుచున్న ప్రయాణికుల గుర్తింపుపత్రములను అధికారులు ద్వారమున నిలిచి పరికించిరి. 2025లో దేశీయ విమానప్రయాణికుల పేళ్ల పట్టికలే వలసశాఖకు అందుచున్నవని ఆ సంవత్సరము డిసెంబరులో పత్రికలు వెల్లడించినవి. కాబట్టి "లోపలి ప్రయాణమే కదా" యని పూర్వము చెప్పుకొన్న ధైర్యము ఇపుడు చెల్లదు. వకీలు నడుగక టికెట్టు కొనుట తెలివితక్కువ. తెలివితక్కువతనము పాపము కాదు. కాని పిల్లలుగలవాడు దానిని సరదాగ చేయరాదు.

గడువు దాటి నిలిచిపోవుట మాత్రము ఏమి? ఇచ్చిన మాట తప్పుట కాదా? వచ్చునపుడు నియమములకు లోబడి యుందునని వాడు సంతకము చేసినాడు. క్రీస్తుపూర్వము 399లో ఏథెన్సు చెఱసాలలో సోక్రటీసును క్రిటో తప్పించుకొని పొమ్మని వేడినపుడు, ఆ వృద్ధుడు చట్టములే యెదుట నిలిచి తన్ను ప్రశ్నించినట్లు ఊహించి, డెబ్బదియేండ్లు ఈ నగరపు నీడలో బ్రతికి ఇపుడు దీని తీర్పును కాలదన్నుట తగదనెను. ఆ వాదము బలమైనది. సోక్రటీసు పౌరుడు, సభలో తన మాట చెప్పుకొనగలిగినవాడు. పరదేశికి చట్టము చేయుటలో పాలు లేదు. అంతమాత్రమున వాని సంతకము వట్టిది కాజాలదు. మాట మాటయే. నేను దానిని సడలింపబోను.

కాని రెండు సంగతులు గమనింపవలెను. మొదటిది, తప్పు నిలిచిపోవుటలో నున్నది గాని నడచుటలో లేదు. ఇల్లు ఖాళీచేయవలసిన గడువు దాటిన అద్దెదారు వంటింటినుండి వసారాలోనికి నడచుట రెండవ నేరము కాదు. ఆ దేశపు చట్టముకూడ వీసాపై వచ్చి గడువు దాటుటను దానంతట దానిని శిక్షాస్మృతిలోని నేరముగ ఎంచక, దేశమునుండి పంపివేయదగిన పౌరసంబంధమైన అతిక్రమణముగనే ఎంచినది. రెండవది, ఆ చట్టము మనుష్యులు వ్రాసినది. 1923లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము భగత్ సింగ్ థిండ్ అను పంజాబీయుడు తెల్లవాడు కాడు గనుక పౌరుడు కాజాలడని తీర్పు చెప్పెను. అంతకుముందు పౌరసత్వము పొందిన భారతీయులు కొందఱు దానిని కోల్పోయిరి. 1946లో ఆ ద్వారము తెఱచినపుడు భారతీయులకు సంవత్సరమునకు నూఱుమందికి చోటిచ్చిరి. ఉద్యోగముపై గ్రీన్ కార్డు కోరువారిలో ఏ దేశమువారికిని నూటికి ఏడుపాళ్లకు మించి సామాన్యముగ దొరకరాదను నియమ మిప్పటికిని కలదు. కోట్లాదిమంది పుట్టిన దేశమునకును, లక్షమంది పుట్టిన ద్వీపమునకును ఒకే కొలత. ఫలితముగ, ఒకే కార్యాలయములో పక్కపక్కన పనిచేయువారిలో ఒకడు రెండుమూడేండ్లలో స్థిరపడును. నెల్లూరులో పుట్టినవాడు తల నెఱసినను వరుసలో నిలిచియుండును.

చట్టము అన్యాయమైనచో ఉల్లంఘింపవచ్చునని మన యువకులు కొందఱు గాంధీమహాత్ముని పేరు చెప్పుదురు. ఇది నాకు బొత్తిగ నచ్చదు. ట్రాన్స్‌వాలులో భారతీయులు నమోదుపత్రములు దగ్గఱ నుంచుకొని తిరుగవలెనని 1907లో చట్టము రాగా, 1908 ఆగస్టు 16న జొహానెస్‌బర్గులోని హమీదియా మసీదు ఎదుట రెండువేలకు పైగ పత్రములు నలుగురి కన్నులయెదుట దగ్ధమైనవి. 1913 నవంబరులో రెండువేలకు పైగ కూలీలు, వారిలో బిడ్డలనెత్తిన తల్లులు, అనుమతిలేకయే నేటాలు సరిహద్దు దాటి ట్రాన్స్‌వాలులో అడుగిడిరి. వారు వచ్చుచున్న సంగతి గాంధీ ముందుగనే ప్రభుత్వమునకు తెలిపియుండెను. చెఱసాల వారికి ఆపద కాదు, సాధనము. గడువు దాటి మౌనముగ ఉద్యోగము చేసికొనువాడు ఆ కోవలోనివాడు కాడు. వాడు దుర్మార్గుడనియు నే ననను. కాని ఆ దండ వాని మెడలో వేయరాదు.

వానికి దగ్గఱ పోలిక మన భారతములోనే యున్నది. విరాటుని కొలువులో ధర్మరాజు కంకుడను పేరుతో, తాను పూర్వము ధర్మరాజునకు మిత్రుడనని చెప్పికొని యేడాది గడపెను. ఆ యేడాదిలో బయటపడినచో మరల పండ్రెండేండ్లు అరణ్యవాసము. అమెరికా చట్టములో, 1996 నుండి, గడువు దాటి ఏడాది లేక అంతకుమించి నిలిచి దేశము విడిచినవాడు పదేండ్లు తిరిగి రారాదు. నూటయెనుబది దినములు దాటి ఏడాదికి లోబడియున్నచో మూడేండ్లు. పోలిక చూచి నేనే ఆశ్చర్యపడితిని. కాని విరాటపర్వములో నన్ను కలవరపెట్టునది కంకుని మాటలోని గడుసుతనము కాదు. కీచకుడు నిండుకొలువులో ద్రౌపదిని కాలదన్నినపుడు ధర్మరాజు చూచుచు కూర్చుండవలసివచ్చెను. లేచినచో పేరు బయటపడును. భీముని కనుసన్నతో ఆపి, భార్యను మందలించి పంపివేసెను. దాగియుండుటకు ఆయన చెల్లించిన వెల అది.

స్థితిలేనివాడు విమానములో గాక తక్కిన మూడువందలరువది దినములలో చెల్లించు వెలయు ఇదియే. యజమాని కూలి ఎగవేసినను అడుగజాలడు. ఇంటివాడు చలికాలమున వేడియంత్రము బాగుచేయింపకున్నను ఫిర్యాదు చేయజాలడు. పక్కయింట స్త్రీని ఒకడు కొట్టుచున్నను పోలీసులను పిలుచుటకు చేయి వణకును. మౌనమునకు వాడు దిగిన తరువాత, ఎచ్చట మౌనము తగును, ఎచ్చట తగదు అను విచక్షణ క్రమముగ మాసిపోవును. నేను భయపడునది దీనికి.

మౌనమునకును అసత్యమునకును నడుమ నున్న గీత యెచ్చట? కర్ణపర్వములో కౌశికుడను తాపసుడు సత్యవ్రతము పట్టి, దొంగలు తరుముచున్న బాటసారులు పోయిన దారిని ఉన్నదున్నట్లు చూపి నరకమునకు పోయెనని శ్రీకృష్ణుడు అర్జునునికి చెప్పును. నోరు మెదపక యుండుటచే కీడు తప్పునపుడు మెదపకుండుటయే మేలని ఆ కథ సారాంశము. దీనిని పట్టుకొని అబద్ధమునకు దారి వేయువారును కలరు. అధికారిని దొంగగను, తన్ను బాటసారిగను భావించుకొనుట సుఖమే. కాని అధికారి దొంగ కాడు, ఉద్యోగధర్మము నెరవేర్చుచున్నవాడు. వానితో మౌనము వహింపవచ్చును. వకీలులేక మాటాడనని చెప్పవచ్చును. ఆ దేశపు చట్టమే అందుకు చోటిచ్చినది. పదునెనిమిదేండ్లు నిండిన పరదేశీయుడు తన నమోదుపత్రము దగ్గఱ నుంచుకొనవలెనని మాత్రము చట్టమున్నది. ఆ పత్రమున్నవాడు దాచరాదు. నేను ఈ దేశపు పౌరుడనని చెప్పుట, అన్య లైసెన్సు చూపుట, దిద్దిన తేదీ చూపుట, ఇవి మౌనము కావు. పౌరుడనని అబద్ధమాడినవానికి 1996 నుండి ఆ దేశపు తలుపులు దాదాపు శాశ్వతముగ మూతపడుచున్నవి. శిక్ష సంగతి యటుంచి, ఆ అబద్ధము మఱియొక అబద్ధమును కనును.

ఫిలిప్పీనులలో పుట్టి, 1993లో పండ్రెండేండ్లప్పుడు కాలిఫోర్నియాలోని తాతయింటికి పంపబడిన హోసే ఆంటోనియో వర్గాస్ అను పత్రికారచయిత చరిత్ర ఇందుకు సాక్ష్యము. తన గ్రీన్ కార్డు కూటపత్రమని పదునాఱవయేట లైసెన్సు కార్యాలయములో గుమాస్తా చెప్పువఱకు వానికి తెలియదు. పెద్దవాడై పులిట్జరు బహుమానములో భాగము పొందినను, ఉద్యోగపత్రములో పౌరుడనని గీచిన గుర్తు వానిని బాధించుచునే యుండెను. 2011 జూనులో అంతయు తానే పత్రికలో ప్రకటించెను. 2014 జూలైలో మెక్సికో సరిహద్దునందలి మెకాలెను పట్టణమునకు, శరణార్థులైన బాలబాలికల సంగతి చూడబోయి, తిరుగుప్రయాణమునకు విమానాశ్రయములో తన ఫిలిప్పీను పాస్‌పోర్టు చూపెను. అందు వీసా లేదు. సరిహద్దు రక్షకులు బంధించి కొన్ని గంటల పిదప విడిచిరి. ఆనాడు వాడు భయపడియే యుండును. కాని వాని చేతిలో నున్నది వాని పేరు.

ఇంతవఱకు చెప్పినది యువకునిగూర్చి. మన యిండ్లగూర్చి చెప్పవలసినది మిగిలియున్నది. నిజముగ నే నీ వ్యాసము పూనినది దానికొఱకే. కొడుకు స్థితి పోయినదని తెలిసిన తండ్రి యేమి చేయుచున్నాడు? ముప్పది నలువది లక్షల అప్పు చూపి, ఎట్లో నిలదొక్కుకొమ్మని వ్రాయుచున్నాడు. ఊరిలో మాత్రము అబ్బాయి సెలవు దొరకక రాలేదనుచున్నాడు. తల్లి మంచమున పడినను కొడుకు రాజాలడు. వచ్చెనా పదేండ్లు తిరిగి పోజాలడు. కొఱివి పెట్టుటకైనను రాని కొడుకని బంధువులు వానిని నిందించుచుండగా, సంగతి తెలిసిన తండ్రియే వారితో కలిసి తల యూపుచున్నాడు. అటువంటివానికి డల్లాసునుండి న్యూజెర్సీలో నున్న చెల్లెలి యింటికి పోవు ఆ మూడున్నర గంటల విమానప్రయాణము, మిగిలిన బంధుత్వమంతయు నదియే.

అంతకు మించినది పెండ్లి విషయము. స్థితి అనుమానమున నున్న వరునికి, ఆ సంగతి దాచి, అమెరికా సంబంధమని కట్నము నిర్ణయించు పెద్దలు కలరు. ఇచ్చట మౌనము అసత్యమునకు ఏమాత్రము తీసిపోదు. పిల్లతండ్రి అడుగువాడు వేఱు విషయమునకై వచ్చిన తనిఖీదారు కాడు. తన బిడ్డ బ్రతుకంతయు ఆ ఉత్తరముపై పెట్టుచున్నాడు. పైగ భార్యకు దొరకు ఆశ్రితవీసా భర్త అనుమతిని పట్టుకొని వ్రేలాడునది. ఆతని స్థితి తెగినచో ఆమె స్థితియు ఆ దినముననే తెగును. ఉద్యోగము పోయి నాలుగు నెలలైనను భార్యకు చెప్పక, ప్రతిదినము ఉదయము సంచి భుజమున వేసికొని బయటికి పోయి గ్రంథాలయములో కూర్చుండి వచ్చువారి కథలు వినుచున్నాము. అట్టివాడు భార్యతో విమానమెక్కుచున్నాడనుకొనుడు. తనిఖీలో నిద్దఱును పాస్‌పోర్టులు చూపుదురు. వాడు తెలిసి ఎక్కుచున్నాడు. ఆమె తెలియక ఎక్కుచున్నది. అధికారి ఆమెను పక్కకు పిలిచి అడిగినచో, నాకన్నియు సరిగనే యున్నవని ఆమె నిజమనుకొని చెప్పును.

నాయొద్ద పూర్వము చదివిన ఒకడు ఇటీవల వాట్సాపులో సుదీర్ఘముగ వ్రాసి, చెల్లెలి ప్రసవమునకు భార్యాసమేతముగ విమానముమీద పోవచ్చునా యని అడిగెను. ధర్మశాస్త్రములు చదివినవాడవు చెప్పుమనెను. చట్టము వకీలు నడుగుమంటిని. ప్రయాణములో పాపము లేదంటిని. ఈ సంగతి నీ భార్యకు తెలియునా యని అడిగితిని. పండ్రెండు దినములు ప్రత్యుత్తరము లేదు. పదుమూడవనాడు వచ్చినది. తెలిపినాడట. ఆమె రెండు దినములు మాటాడలేదట. మూడవనాడు, తన నమోదుపత్రములన్నియు తన చేతికిమ్మని అడిగి, వాని నొక సంచిలో పెట్టుకొని, వకీలునొద్దకు తానే ముందు నడచినదట. ప్రయాణము సంగతి వారింకను తేల్చుకొనలేదు.